గిటారుతో ఒక్కరే పాడితే ఏ స్పీకరు? డోర్నకల్ చుట్టూ ఒక సమీక్ష

గిటారు పట్టుకొని ఒక్కరే పాడేవారికి స్పీకరు ఎంపిక చిన్న విషయంలా కనిపిస్తుంది. నిజానికి బ్యాండు కంటే వాళ్లకే ఇది కష్టం. బ్యాండుకు సౌండ్ చూసుకునే మనిషి ఉంటాడు, మిక్సర్ ఉంటుంది, నాలుగైదు బాక్సులుంటాయి. ఒక్కరే పాడినప్పుడు మోసేదీ, వైర్లు కలిపేదీ, సౌండ్ సరిచేసేదీ, పాడేదీ వాళ్లే. బాక్సులో లోపముంటే దాన్ని కప్పడానికి డ్రమ్స్, కీబోర్డు ఉండవు. మాట అర్థం కాకపోతే పాట పోయినట్టే.

మార్కెట్లో ఇప్పుడు యాక్టివ్ స్పీకర్లు, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉన్న బాక్సులు, ఎన్నో రకాలున్నాయి. ఎనిమిది అంగుళాలవి, పన్నెండు అంగుళాలవి, బ్యాటరీవి, నిలువు కాలమ్‌లు, చక్రాల ట్రాలీవి. దుకాణంలో మోగిస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఊళ్లోకి తెచ్చి జనం ముందు పెట్టాకే తేడా బయటపడుతుంది. చాలామంది వాట్లు చూసో, ఊఫర్ సైజు చూసో కొంటున్నారు. ఒంటరి గిటారు పాటకు ఆ రెండూ ఆఖరున చూడాల్సినవి. ముందు చూడాల్సింది పాట జరిగే చోటు, అక్కడి కరెంటు, చివరి వరుసలో కూర్చున్న మనిషికి మాట అందే తీరు. ఈ మాటను డోర్నకల్ పరిసరాల మీద పెట్టి పరీక్షిద్దాం.

డోర్నకల్ ఎందుకు

కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో డోర్నకల్ ఒక జంక్షన్. కొత్తగూడెం వైపు, అంటే భద్రాచలం రోడ్డు స్టేషన్‌కు, లైను ఇక్కడే చీలుతుంది. 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది. మండలం నిండా లంబాడీ తండాలున్నాయి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) డోర్నకల్ డయోసిస్‌కు కేంద్రం ఇదే. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు. ఆయన కాలంలో కట్టిన ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు ఆ కట్టడంలో కలిసి కనిపిస్తాయి. పల్లె ఆరాధనలో పరాయి బాణీల కంటే మన బాణీలూ మన పాటలూ ఉండాలని అజరయ్య ప్రోత్సహించారు.

ఆ పాటల వెంట హార్మోనియం, డోలక్, తాళాలు నడిచాయి. ఈ తరం వాటి పక్కన గిటారును నిలబెట్టింది. యువజన కూడికలు, సెమీ క్రిస్మస్ సభలు, డిసెంబరు క్యారల్ రౌండ్లు, ఇళ్ల దగ్గర ప్రార్థన కూడికలు, పుట్టినరోజులు, కాలేజీ వేడుకలు, అన్నిచోట్లా గిటారు పట్టిన యువతీయువకులు కనిపిస్తారు. వాళ్లలో కొందరు హైదరాబాద్ వెళ్లి కేఫ్‌లలోనో, 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ లాంటి వేదికల మీదో పాడాలనుకుంటారు. అంటే ఒకే మనిషి ఈ వారం ప్రతిధ్వని నిండిన పెద్ద చర్చిలో, వచ్చే వారం రేకుల షెడ్డులో, ఆ పై వారం కరెంటు లేని తండా వాకిట్లో పాడాల్సి వస్తుంది. ఇన్ని చోట్లకు పనికొచ్చే స్పీకరు ఏదో తేల్చుకోవడానికి ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు.

వాట్ల లెక్క, దూరం లెక్క

డబ్బా మీద 1000 వాట్లు, 2000 వాట్లు అని రాస్తారు. అది యాంప్లిఫయర్ ఒక్క క్షణం ఇవ్వగల గరిష్ఠ శక్తి. ఆగకుండా ఇచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో ఉంటుంది. చవక ట్రాలీ స్పీకర్ల మీద కనిపించే పీఎంపీఓ అంకెకైతే ఒక ప్రమాణమే లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. వాట్లు రెట్టింపు చేస్తే ధ్వని పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, దానికి పదింతల వాట్లు కావాలి. 500 వాట్ల బాక్సు బదులు 1000 వాట్లది కొన్నవారికి దక్కేది జాగ్రత్తగా వింటే తెలిసే తేడా మాత్రమే.

వాట్ల కంటే ఎక్కువ చెప్పేది స్పీకరు సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయన్నదే అది. 90 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న బాక్సుకు 100 వాట్లిస్తే 110 వస్తుంది. 96 ఉన్న బాక్సుకు 50 వాట్లే ఇచ్చినా 113 వస్తుంది. యాక్టివ్ స్పీకర్లలో ఈ రెండూ కలిపిన ఫలితాన్ని గరిష్ఠ ఎస్‌పీఎల్ అనే అంకెగా ఇస్తారు. రెండు బాక్సులను పోల్చాలంటే చూడాల్సిన అంకె అదే.

ఇక దూరం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెళ్లు పడిపోతుంది. మీటరు దూరంలో 110 ఇచ్చే బాక్సు రెండు మీటర్ల దగ్గర 104, నాలుగు దగ్గర 98, ఎనిమిది దగ్గర 92, పదహారు దగ్గర 86, ముప్పై రెండు మీటర్ల దగ్గర 80 ఇస్తుంది. ఇవి గరిష్ఠాలు. పాట సగటున అంతకంటే 12 నుంచి 15 డెసిబెళ్లు కిందే నడుస్తుంది, ఎందుకంటే గొంతు ఎత్తినప్పుడు, తీగను గట్టిగా కొట్టినప్పుడు సౌండ్ పగలకుండా తట్టుకోవడానికి ఆ ఖాళీ ఉండాలి. కాబట్టి పదహారు మీటర్ల దూరంలో సగటున 72 దాపున, ముప్పై రెండు మీటర్ల దూరంలో 66 దాపున అందుతుంది. మామూలు సంభాషణ మీటరు దూరంలో 60 డెసిబెళ్లు. పిల్లల అలికిడి, ఫ్యాన్ల రొద ఉన్న సభలో నేపథ్యమే 60 దాటుతుంది. మాట తేటగా వినాలంటే దానికి పైన 10 డెసిబెళ్లయినా ఉండాలి. ఈ లెక్కన 110 డెసిబెళ్ల బాక్సు పదిహేను, ఇరవై మీటర్ల లోపు కూర్చున్న నూరు, నూటయాభై మందికి చాలు. ఆ పైన 120 దాటిన బాక్సు కావాలి, లేదా చిన్న బాక్సు ఇంకొకటి జనం మధ్య వైపు పెట్టాలి.

మూడో లెక్క బేస్‌ది. గిటారు లావు తీగ మామూలు శ్రుతిలో 82 హెర్ట్జ్. మగ గొంతు కింది స్వరాలు కూడా ఆ దాపుల్లోనే ఆగుతాయి. మంచి ఎనిమిది అంగుళాల ఊఫర్ అంతవరకూ హాయిగా పలుకుతుంది. దాని కింద మోగేది కాలు తట్టిన చప్పుడు, మైకుకు తగిలిన గాలి, వేదిక అదురు మాత్రమే. పైగా ఊఫర్ వెడల్పయ్యేకొద్దీ వెయ్యి హెర్ట్జ్ పైని స్వరాలను అది అన్ని వైపులకూ పంచలేదు, ఎదుటికే గురిపెడుతుంది. గొంతులోని స్పష్టత ఎక్కువగా ఉండేది ఆ పైనే. అందుకే పక్కన కూర్చున్నవారికి పదిహేను అంగుళాల బాక్సులో గొంతు మందంగా, ఎనిమిది, పది అంగుళాల బాక్సులో తేటగా వినిపించడం సాధారణం. సబ్‌ఊఫర్, పదిహేను అంగుళాల బాక్సు ఒంటరి గిటారుకు అక్కర్లేదు. పక్కన డోలక్, తబలా, కహోన్ చేరినప్పుడు పది, పన్నెండు అంగుళాలవి ఆలోచించాలి. డప్పు చేరితే దానికి మైకే అక్కర్లేదు, గొంతును దాని పైకి తేగల ఖాళీ మాత్రం బాక్సులో ఉండాలి.

దొరికేవి ఐదు రకాలు

మొదటిది అకౌస్టిక్ యాంప్. గిటారు కోసమే పుట్టిన బాక్సు ఇది. జర్మనీలో తయారయ్యే ఏఈఆర్ కాంపాక్ట్ 60కి 60 వాట్లు, ఎనిమిది అంగుళాల స్పీకరు, ఆరున్నర కిలోల బరువు. అమెరికా కంపెనీ ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ కూడా 60 వాట్లదే, ఆరున్నర అంగుళాల ఊఫర్‌తో వస్తుంది. రోలాండ్ ఏసీ-33, క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ ఎనిమిది పెన్సిల్ సెల్స్ మీద నడుస్తాయి. క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ 50 వాట్లదాకా ఇస్తుంది. గిటారును నేరుగా గుచ్చితే నిండుగా పలికేదీ, కూత (ఫీడ్‌బ్యాక్) పెట్టే స్వరాన్ని అణిచే నాబ్ ఉండేదీ వీటికే. లోపం ఏమిటంటే నేల మీద పెడతాం కాబట్టి మొదటి వరుస వారి మోకాళ్ల దగ్గరే సౌండ్ ఆగిపోతుంది. కుర్చీ మీదో, వాలు స్టాండు మీదో పెట్టుకుంటే ముప్పై, నలభై మంది కూర్చున్న ఇంటి కూడికకు, చిన్న కేఫ్‌కు వీటిని మించింది లేదు. అంతకు మించిన జనానికి వెనక ఉన్న లైన్ ఔట్ ద్వారా పెద్ద బాక్సుకు కలపాలి.

రెండోది బ్యాటరీ బాక్సు. 2018లో వచ్చిన బోస్ ఎస్1 ప్రో ఈ రకానికి పేరు తెచ్చింది. బరువు 7.1 కిలోలు, కంపెనీ చెప్పిన బ్యాటరీ నడక 11 గంటల వరకు. జేబీఎల్ ఈయాన్ వన్ కాంపాక్ట్ 8 కిలోలు, ఎనిమిది అంగుళాల ఊఫర్, 112 డెసిబెళ్ల గరిష్ఠం, నాలుగు చానెళ్ల మిక్సర్, ఊడదీసి మార్చుకునే బ్యాటరీ. ఎలక్ట్రో-వాయిస్ ఎవర్స్ 8 బరువు ఎనిమిది కిలోల లోపే, గరిష్ఠం 121 డెసిబెళ్లు, చినుకులు తట్టుకునే ఐపీ43 రక్షణ ఉంది. వీటన్నిటినీ పోల్ స్టాండు మీదికి ఎక్కించవచ్చు, నేల మీద వాల్చి మానిటర్‌లా వాడవచ్చు. కంపెనీలు చెప్పే గంటలు ఒక మాదిరి సౌండ్‌కు చెప్పినవి, పూర్తిగా పెంచితే బాగా తగ్గిపోతాయి. అయినా రెండు గంటల సభకు ఇబ్బంది ఉండదు.

మూడోది కరెంటు మీద నడిచి పోల్ మీద నిలిచే యాక్టివ్ స్పీకరు. యమహా డీబీఆర్10 పది అంగుళాలది, పదిన్నర కిలోలు, 129 డెసిబెళ్లు. క్యూఎస్‌సీ కె8.2 ఎనిమిది అంగుళాలదే అయినా పన్నెండు కిలోలకు పైన ఉంటుంది. దాని రెండో ఇన్‌పుట్‌ను గిటారుకు సరిపడే హై-జీకి (ఎక్కువ ఓమ్‌ల ఇన్‌పుట్‌కు) మార్చుకోవచ్చు. చర్చి మైదానం, కాలేజీ ప్రాంగణం, రెండు మూడు వందల జనం ఉన్నచోట నిలబడగలిగే సత్తా ఈ రకానిది. చిన్నదాన్ని గరిష్ఠానికి ఉరికించడం కంటే దీన్ని సగంలో నడిపితే గొంతు సహజంగా ఉంటుంది.

నాలుగోది కాలమ్. సన్నని నిలువు గొట్టంలో చిన్న స్పీకర్లు వరసగా, కింద బేస్ పెట్టె. 2003లో బోస్ ఎల్1 తెచ్చిన ఆలోచన ఇది. పాడేవారి వెనక నిలబెడితే జనానికీ, పాడేవారికీ అదే సౌండ్ వినిపించాలన్నది ఆ ఆలోచన. ఎల్1 రకాలు అడ్డంగా 180 డిగ్రీల దాకా పరుచుకుంటాయి, పైకీ కిందికీ తక్కువగా పోతాయి. ఎల్1 ప్రో8 మొత్తం బరువు 17 కిలోలు దాటుతుంది. వెడల్పుగా కూర్చున్న సభకు, మోగే కప్పు ఉన్న హాలుకు మంచిది. ఒక్కరే మోసుకొని రైలెక్కాలంటే మాత్రం ఆలోచించుకోవాలి.

ఐదోది ఊళ్లో ఇప్పటికే ఉన్న మైక్ సెట్. 1940 నుంచీ ఉన్న ఢిల్లీ కంపెనీ అహూజా యాంప్లిఫయర్ లేని ఊరు మన దగ్గర అరుదు. దానికి కలిపే హారన్ల సెన్సిటివిటీ చాలా ఎక్కువ, కొద్ది వాట్లకే పొలాల అవతల దాకా వినిపిస్తాయి. ప్రకటనకు, ప్రసంగానికి అవి సరైన పనిముట్లు. గిటారు కింది స్వరాలూ, తీగ మెరుపూ వాటిలో పలకవు. సభ నిర్వాహకులు హారన్లే ఉన్నాయంటే గొంతు ఒక్కదాన్నే అటు పంపి, గిటారును మీ చిన్న బాక్సులో వేదిక ముందు వినిపించడం మేలు. డీజే బాక్సులు అమర్చి ఉంటే ఆపరేటర్‌ను అడిగి 100 హెర్ట్జ్ కింద మొత్తం కోయించుకోవాలి.

ట్రాలీ స్పీకర్ల గురించీ ఒక మాట. కరోకే పాటకు, పిల్లల ఆటకు అవి సరే. గిటారు ఇన్‌పుట్ అని రాసి ఉన్నా లోపల దానికి సరైన ప్రీఆంప్ ఉండదు, ఎకో పూర్తిగా ఆపడానికి కొన్నిటిలో వీలు కూడా ఉండదు. ఏ స్పీకర్‌కైనా గిటారును బ్లూటూత్ మీద పంపకూడదు. ఆలస్యం సెకనులో పదో వంతు దాటడం మామూలే, అప్పుడు తాళం తప్పక తప్పుతుంది. బ్లూటూత్ విరామంలో పాటలు వేసుకోవడానికే.

చోటు మారితే సమాధానం మారుతుంది

ఎత్తైన కప్పు, గట్టి గోడలు, రాతి నేల ఉన్న పెద్ద చర్చిలో సౌండ్ తక్కువ కావడం సమస్య కాదు, సౌండ్ ఆగకపోవడమే సమస్య. ఒక అక్షరం తోక ఇంకా తిరుగుతుండగానే తరవాతి అక్షరం వచ్చి కలుస్తుంది. అక్కడ వాల్యూం పెంచితే గోడలకు తగిలేది కూడా పెరుగుతుంది కాబట్టి మాట ఇంకా మసకబారుతుంది. చేయాల్సింది తిరగేసి. బాక్సును జనానికి దగ్గరగా తేవాలి, గురి గోడల మీద కాక మనుషుల మీద ఉంచాలి, 120 హెర్ట్జ్ కింద కోయాలి, మిక్సర్‌లోని రివర్బ్‌ను సున్నా చేయాలి. ఒక పెద్ద బాక్సు కంటే రెండు చిన్నవి తక్కువ సౌండ్‌తో పెట్టడం నయం. శాశ్వతంగా బిగించుకోవాలనుకునే సంఘానికి కాలమ్ జత అన్నిటికంటే తగింది, ఎందుకంటే అది కప్పు వైపు శక్తిని వృథా చేయదు.

రేకుల షెడ్డు ఇంకో రకం. ఎదురెదురు గోడల మధ్య, నేలకూ రేకుకూ మధ్య సౌండ్ టపటపా కొట్టుకుంటుంది. వాన పడితే పాట ఆపడమే దారి. బాక్సును మూలలో పెడితే గోడలు బేస్‌ను పెంచి గిటారును బరువుగా మోగిస్తాయి, అందుకని మూల నుంచి మీటరుకు పైగా ముందుకు జరపాలి. ఫ్యాన్ కింద మైకు పెట్టకూడదు, పెట్టక తప్పకపోతే మైకుకు స్పాంజి తొడగాలి.

తండా వాకిలిలో గోడలు లేవు. పోయిన సౌండ్ తిరిగి రాదు. అక్కడ దూరం లెక్క అచ్చంగా పనిచేస్తుంది. బాక్సు నేల మీద ఉంటే ముందు వరుస మనుషులే సౌండ్‌ను తాగేస్తారు. పోల్ మీద రెండు మీటర్ల ఎత్తుకు, కూర్చున్నవారి తలల పైకి తేవాలి. మన సభల్లో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు వెడల్పుగా కూర్చుంటారు. 90 డిగ్రీలు విసిరే బాక్సు ఒకటే ఉంటే దాన్ని ఒక పక్క పెట్టి ఎదుటి మూలకు గురిపెట్టాలి, నడిమధ్య పెట్టి అంచుల్లో ఉన్నవారిని వదిలేయకూడదు.

ఫంక్షన్ హాలులో అద్దాలు, టైల్స్ మోత పెంచుతాయి, భోజనాల సందడి దాన్ని మించుతుంది. అక్కడ ఆ సందడితో పోటీపడి పెంచడం వ్యర్థం. వినాలనుకునే వంద మంది చుట్టూ తేటగా ఉండేలా సౌండ్ నిలిపితే చాలు.

ఇంతకీ పాడేవారు తమను తాము ఎలా వినాలి? ఒక్కటే బాక్సు ఉన్నప్పుడు దాన్ని కొంచెం పక్కకూ, కొంచెం వెనక్కూ పెట్టుకుంటాం. అప్పుడు మైకు రకం ముఖ్యమవుతుంది. 1966 నుంచీ వస్తున్న షూర్ ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని అన్నిటికంటే తక్కువ పట్టుకుంటుంది. బాక్సు మైకు ముఖానికి కనిపించేలా ఉంటే కూత ముప్పు పెరుగుతుంది. పెదవి మైకుకు రెండు మూడు అంగుళాల్లో ఉంటే వాల్యూం తగ్గించుకోవచ్చు, కూత భయం సగం పోతుంది.

గిటారు నుంచి బాక్సు దాకా

చాలాసార్లు స్పీకరు మీద వేసే నింద పికప్‌ది అవుతుంది. గిటారు వంతెన కింద ఉండే పియెజో పికప్‌కు పది లక్షల ఓమ్‌ల స్థాయి ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్ పది వేల ఓమ్‌లే ఉంటుంది. బ్యాటరీ ప్రీఆంప్ లేని పికప్‌ను దానికి గుచ్చితే బేస్ పోయి, తీగ రేకులా గీరుతుంది. గిటారులోనే ప్రీఆంప్ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే యాక్టివ్ డీఐ బాక్సో (పికప్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే పెట్టె), గిటారు ప్రీఆంప్ పెడలో మధ్యలో ఉండాలి. సెల్ బలహీనపడ్డా సౌండ్ పగులుతుంది, కాబట్టి ముఖ్యమైన సభకు కొత్త సెల్ వేసుకొని వెళ్లాలి.

గిటారు బుర్ర ఒక గాలి గది. చాలా గిటార్లలో అది 100 హెర్ట్జ్ దాపున తనంతట తాను మోగుతుంది. బాక్సు నుంచి వచ్చే ఆ స్వరం బుర్రను కదిలిస్తే పికప్ మళ్లీ పట్టుకుంటుంది, గుయ్‌మనే కూత మొదలవుతుంది. బేస్ మొత్తం తగ్గించేస్తే గిటారు బక్కచిక్కిపోతుంది. ఆ ఒక్క స్వరాన్నే నాచ్ ఫిల్టర్‌తో కోయడం, ఫేజ్ బటన్ నొక్కి చూడడం, రంధ్రానికి రబ్బరు మూత పెట్టడం సరైన మందులు. గొంతుకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య చిన్న ఎత్తు ఇస్తే హల్లులు తేలుతాయి. గిటారుకు అక్కడే కొంచెం తగ్గిస్తే గొంతుకు దారి దొరుకుతుంది.

కరెంటు, ఎండ, ప్రయాణం

గాలివాన వస్తే పల్లెలో కరెంటు మీద భరోసా పెట్టలేం. జనరేటర్ మీద వోల్టేజీ ఊగుతుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే పవర్ సప్లై ఉన్న బాక్సు అలాంటిచోట నిలబడుతుంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో, అక్కో స్పీకరు తెస్తామంటే ముందు వెనక లేబుల్ చదివించండి. 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టులకు గుచ్చగానే కాలిపోతుంది. విమానంలో లిథియం బ్యాటరీకి 100 వాట్-అవర్ల వరకే అనుమతి అక్కర్లేదు, 160 దాటితే ప్రయాణికులు తీసుకెళ్లడానికి వీల్లేదు.

ఎర్తింగ్ లేని సాకెట్ దగ్గర పెదవి మైకుకు తగిలితే చురుక్కుమనడం చాలామందికి తెలుసు. అది హెచ్చరిక. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ పోగొట్టే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఎర్త్ సరిగా లేదని తేలితే బ్యాటరీ మీదే పాడండి. బ్యాటరీ బాక్సు ఇచ్చే భద్రతల్లో ఇది పెద్దది.

మే నెల ఎండకు ఈ ప్రాంతంలో 43, 44 డిగ్రీలు అసాధారణం కాదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మూసిన కారులో బాక్సు వదలకూడదు. ఎండ తగిలే వేదిక మీద యాంప్లిఫయర్ వేడెక్కి తనంతట తానే సౌండ్ తగ్గించుకుంటుంది, నీడ చూసి పెట్టాలి. ప్రయాణం సంగతికొస్తే, ఒక చేతిలో గిటారు, వీపున సంచీ, ఇంకో చేతిలో బాక్సుతో ప్లాట్‌ఫారం వంతెన ఎక్కాల్సిన మనిషికి ఎనిమిది కిలోలకూ పద్దెనిమిది కిలోలకూ మధ్య తేడా సభకు వెళ్లడమా మానడమా అన్నంత ఉంటుంది.

చట్టం కూడా ఎంపికలో భాగమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన హాళ్లలో తప్ప వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండుగల సందర్భంగా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగే క్యారల్ బృందానికి ఇది ముఖ్యం. పది దాటాక బాక్సు కట్టేసి, గిటారూ గొంతులతో పాడడం చట్టానికీ, నిద్రపోయే పసిపిల్లలకూ మంచిదే.

ఎవరికి ఏది

ఇంతవరకూ చూసినదాన్ని బట్టి నా తీర్పు స్పష్టంగా చెబుతాను. డోర్నకల్ లాంటి ఊరి నుంచి తిరిగే ఒంటరి గాయకుడికి, గాయనికి మొదటి బాక్సు ఎనిమిది అంగుళాల బ్యాటరీ రకమే కావాలి. పది కిలోల లోపు బరువు, పోల్ సాకెట్, మైకుకూ గిటారుకూ వేరువేరు చానెళ్లు, ఇంకో బాక్సుకు పంపే అవుట్‌పుట్, మార్చుకోగల బ్యాటరీ ఉండాలి. జనం తరచూ రెండు వందలు దాటుతుంటే రెండో అడుగుగా అలాంటిదే ఇంకొకటి, లేదా కరెంటు మీద నడిచే పది అంగుళాలది. ఇంటి కూడికలకూ కేఫ్‌లకూ మాత్రమే పాడేవారికి అకౌస్టిక్ యాంప్ చాలు. కాలమ్ కొనాల్సింది వ్యక్తి కాదు, సంఘం. పదిహేను అంగుళాలది ఎవరికీ అక్కర్లేదు. డబ్బు తక్కువైతే బాక్సులో ఒక మెట్టు దిగండి గాని, పికప్, మైకు, కేబుళ్లు, దృఢమైన స్టాండులో దిగవద్దు.

కొనేముందు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా మీ గిటారు, మీ మైకు తీసుకెళ్లండి. దుకాణదారు వేసే సినిమా పాటతో తీర్పు చెప్పకండి. బేస్, ట్రిబుల్ నాబ్‌లు నడిమధ్య ఉంచి, రివర్బ్ ఆపి, స్నేహితుడి చేత పాడించి పదిహేను మీటర్లు వెనక్కి నడవండి. తెలుగు మాటల్లో శ, ష, స తేడాలు, ఒత్తులు తెలుస్తున్నాయా? పక్కకు నలభై అయిదు డిగ్రీలు జరిగినా గొంతు రంగు మారకుండా ఉందా? కూత వచ్చేదాకా పెంచితే సభకు కావలసిన సౌండ్ దానికి ముందే వచ్చేసిందా? బ్యాటరీ విడిగా దొరుకుతుందా, రిపేరు ఎక్కడ చేస్తారు? ఈ ప్రశ్నలకు నిలబడిన బాక్సు ఏ కంపెనీదైనా కొనవచ్చు.

ఒక సూచన కూడా. ఈ బాక్సులు ఒక్కో కుర్రాడు, ఒక్కో అమ్మాయి సొంతంగా కొనగలిగినవి కావు. పాస్టరేట్‌కు ఒక జత బ్యాటరీ స్పీకర్లు, రెండు మైకులు, ఒక డీఐ బాక్సు కొని, చుట్టుపక్కల సంఘాలు, తండాలు, బడులు వంతులవారీగా వాడుకోవచ్చు. చార్జింగూ కేబుళ్లూ చూసుకునే బాధ్యత ఇద్దరు యువకులకు అప్పగించి నేర్పించవచ్చు. మన బాణీ పల్లెల్లో వినిపించాలని అజరయ్య శ్రమపడ్డ ఊరిది. ఆ బాణీని ఇవాళ గిటారు మీద పలికించే పిల్లలకు మంచి స్పీకరు అందుబాటులో ఉంచడం డయోసిస్‌లోని సంఘాలు ఈ డిసెంబరుకే మొదలుపెట్టగల పని.